రాత్రిపూట పన్ను నొప్పి: తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖకు ఒక ఫార్మసిస్టు బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య శాఖ ఉన్నతాధికారులకు నమస్కారం.

నేను దిల్‌సుఖ్‌నగర్ దగ్గర రాత్రంతా తెరిచి ఉండే ఒక మందుల షాపులో ఫార్మసిస్టుని. నాది నైట్ డ్యూటీ. పదకొండు దాటాక మా కౌంటర్ దగ్గరికి పిల్లల జ్వరం సిరప్ కోసం వస్తారు, గ్యాస్ పట్టేసిందని వస్తారు, దవడ పట్టుకొని పన్ను నొప్పి అంటూ వస్తారు. జ్వరం ముదిరితే ఎక్కడికి పంపాలో నాకు తెలుసు. ఛాతీలో మంట అనుమానంగా ఉంటే ఎక్కడికి పరుగెత్తించాలో తెలుసు. పన్ను నొప్పి మనిషిని మాత్రం ఎక్కడికి పంపాలో తెలియదు. పొద్దున దాకా ఓర్చుకోండి అనడం తప్ప నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు మీ దగ్గరైనా ఉండాలని ఈ లేఖ రాస్తున్నాను.

హైదరాబాద్‌లో పళ్ల డాక్టర్లకు కొరత ఉందని నేను అనడం లేదు. మా షాపు నుంచి ఏ వైపు నడిచినా సందుకో డెంటల్ క్లినిక్ బోర్డు కనిపిస్తుంది. పొద్దున పది నుంచి రెండు, సాయంత్రం ఐదు నుంచి తొమ్మిది. తొమ్మిదిన్నరకల్లా షట్టర్లు దించేస్తారు. వాళ్లను తప్పుపట్టలేం. ఒక డాక్టరు, ఒక కుర్చీ, ఒక అసిస్టెంటుతో నడిచే క్లినిక్‌ని రాత్రంతా తెరిచి ఉంచితే కరెంటు ఖర్చు కూడా తిరిగి రాదు. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు బీపీ, షుగరు మనుషులకు నిజంగా అక్కరకొచ్చాయి. కానీ అక్కడ ఎంబీబీఎస్ డాక్టరు, నర్సు ఉంటారు, పళ్ల కుర్చీ ఉండదు. పైగా అవి పగటి దవాఖానాలు. ఇక పన్ను నొప్పి అని చెప్పి 108కి ఫోన్ చేయడానికి మనవాళ్లకు మొహమాటం. పెద్ద కార్పొరేట్ ఆసుపత్రి ఎమర్జెన్సీకి పోతే కన్సల్టేషన్‌కే జేబు ఖాళీ అవుతుందని భయం. మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీలు పళ్ల వైద్యాన్ని యాక్సిడెంట్ అయితే తప్ప పట్టించుకోవు.

మొన్న వానాకాలంలో ఒక ఆటో డ్రైవరన్న దవడ వాపుతో వస్తే నేనే ఒక పెద్ద ఆసుపత్రి క్యాజువాలిటీకి పంపాను. తెల్లారి మళ్లీ మా షాపుకే వచ్చాడు. నొప్పి సూది ఒకటి వేసి, పొద్దున పళ్ల ఓపీకి రమ్మన్నారట. ఓపీ చీటీ కోసం క్యూలో నిలబడితే ఆ రోజు బండి తిరగదు, బండి తిరగకపోతే ఫైనాన్స్ వాడు ఊరుకోడు. అందుకని ఇంకో స్ట్రిప్ మందులు ఇవ్వమన్నాడు.

పన్ను నొప్పి రాత్రే ఎందుకు ఎక్కువవుతుందో చాలామందికి తెలియదు. పన్ను లోపల నరం, రక్తనాళాలు ఉండే మెత్తటి భాగం ఉంటుంది. పిప్పి అక్కడి దాకా చేరితే అది వాస్తుంది. చుట్టూ గట్టి గోడలు కాబట్టి వాపుకి చోటుండదు, ఒత్తిడంతా నరం మీద పడుతుంది. పడుకుంటే తలలోకి రక్తం ఎక్కువ చేరి ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. అందుకే పగలంతా పని చేసుకున్న మనిషి దిండు మీద తల పెట్టగానే లేచి కూర్చుంటాడు. కొందరు చల్లటి నీళ్లు పుక్కిట పట్టి రాత్రంతా గడుపుతారు. ఆ దశలో వేడి తగిలితే ప్రాణం పోయినంత బాధ, చల్లదనం కాసేపు ఊరటనిస్తుంది. తర్వాత ఒక రోజు ఉన్నట్టుండి నొప్పి మాయమవుతుంది. దేవుడి దయ అనుకుంటారు. లోపల నరం చచ్చిపోయిందన్నమాట. చీము పట్టడం అక్కడి నుంచి మొదలవుతుంది.

ఈ బాధలో ఉన్నవాళ్లు ఏమేం చేస్తారో మీ ఆఫీసుల్లో కూర్చుంటే తెలిసే అవకాశం తక్కువ. లవంగం నమలడం, పిప్పిలో కర్పూరం కుక్కడం, పొగాకు అదిమిపెట్టడం పాత అలవాట్లే. పాతబస్తీ ఇళ్లల్లో 1920 నుంచి ఈ ఊళ్లోనే తయారవుతున్న జిందా తిలిస్మాత్‌ను దూదిలో ముంచి పెట్టుకుంటారు. ఆస్పిరిన్ మాత్రను చిగురు మీద పెట్టి దవడ బిగించేవాళ్లున్నారు. అది చిగురును కాల్చేస్తుంది. మందు గుణం కడుపులోకి పోయి రక్తంలో కలిస్తేనే, చిగురు మీద పెడితే తెల్లటి పుండు మిగులుతుంది. ఇంకొందరు క్వార్టర్ మందు పుక్కిలించి మింగేస్తారు, ఆ పైన పారాసెటమాల్ వేసుకుంటారు. లివర్ మీద రెండు దెబ్బలు.

వీటన్నిటినీ మించింది ఇంట్లో పన్ను పీక్కోవడం. నమ్మరేమో కానీ కటింగ్ ప్లయర్‌ను వేడినీళ్లలో కడిగి ప్రయత్నించినవాళ్లు దూది కోసం మా షాపుకి వచ్చారు. దారం కట్టి తలుపుకి లాగారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తీయించుకొని రక్తం ఆగక బస్సెక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు. గొడుగు కింద పళ్ల సెట్లు పరుచుకొని కూర్చునే ఫుట్‌పాత్ వైద్యులు ఇప్పుడు తగ్గారు, పూర్తిగా పోలేదు.

వీళ్లను తిట్టే ముందు మన చట్టం ఏమంటుందో చూడండి. 1948 నాటి దంతవైద్యుల చట్టం రిజిస్ట్రేషన్ లేనివాళ్లు పళ్ల వైద్యం చేయడాన్ని నిషేధించింది, కానీ 49వ సెక్షన్‌లో కొన్ని మినహాయింపులు పెట్టింది. అందులో ఒకటి: అత్యవసరమై, రిజిస్టర్డ్ దంతవైద్యుడు అందుబాటులో లేకపోతే, ఎవరైనా పన్ను తీయవచ్చు. ఒకే షరతు, మత్తు మందు ఇవ్వకూడదు. దేశంలో పళ్ల డాక్టర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది ఉన్న కాలంలో, ఎక్కడో మారుమూల ఊరిని దృష్టిలో పెట్టుకొని రాసి ఉంటారు. ఆ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు జాతీయ దంతవైద్య కమిషన్ చట్టం చేసింది. కానీ ఈ మహానగరంలో రాత్రి ఒంటిగంటకు పరిస్థితి ఇప్పటికీ ఆ 1948 వాక్యంలోనే ఉంది. డాక్టరు అందుబాటులో లేడు, మత్తు లేదు, ఎవరో ఒకరు పీకుతున్నారు.

పన్ను పీకడం లాగడంతో అయ్యే పని కాదు. ఈ ఒక్క ముక్కను మీ శాఖ పోస్టర్లేసి చెప్పినా చాలా నోళ్లు బాగుపడతాయి. పన్ను వేరుకీ దవడ ఎముకకీ మధ్య సన్నటి నారపోగులు వేలకొద్దీ పట్టుకొని ఉంటాయి. డాక్టరు ముందు మత్తు సూది వేసి, చిగురును విడదీసి, ఫోర్‌సెప్స్‌ను వేరు వైపు లోపలికి నెడతాడు. తర్వాత అటూ ఇటూ నిదానంగా ఊపి, ఎముక గూడును కాస్త వెడల్పు చేసి, ఆ పోగులు తెగాక బయటికి తీస్తాడు. నేలలో లోతుగా దిగిన గుంజను ఊపి ఊపి తీసినట్టు. ప్లయర్ పట్టుకున్న మనిషికి లాగడం ఒక్కటే తెలుసు. పిప్పి తిన్న పన్ను పైభాగం పెళుసుగా ఉంటుంది కాబట్టి అది పుటుక్కున విరిగి చేతికొస్తుంది, వేర్లు లోపలే ఉండిపోతాయి. తెరుచుకున్న నరానికి గాలి తగిలితే, అంతకు ముందు నొప్పే నయమనిపిస్తుంది. ఆ వేర్లను తర్వాత తీయాలంటే చిగురు కోయాలి, కొన్నిసార్లు ఎముక కూడా.

పై దవడ పళ్ల వేర్లు ముక్కు పక్కన ఉండే సైనస్ గదికి ఆనుకొని ఉంటాయి. మొరటుగా లాగితే ఆ గదికి కన్నం పడి, తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి. కింది దవడలో పెదవికి, గదమకు స్పర్శనిచ్చే నరం వేర్ల కిందుగా పోతుంది. విరిగిన ముక్క జారి ఊపిరితిత్తుల్లోకి పోతే అది వేరే ఎమర్జెన్సీ. షుగరు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గుండె వాల్వు మార్పించుకున్నవాళ్లు ఇలాంటి పని ఇంట్లో చేస్తే ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అన్నట్టు, పై పన్ను తీస్తే కంటిచూపు పోతుందని మనవాళ్లకో నమ్మకం ఉంది. పైపన్ను నరానికీ కంటిచూపు నరానికీ సంబంధం లేదు. విచిత్రమేమిటంటే, ఆ నమ్మకంతో క్లినిక్‌కి వెళ్లడం మానేసినవాళ్లే చివరికి ఇంట్లో ప్రయోగాలకు దిగుతారు.

దారం, తలుపు పద్ధతికి ఒక్కచోట న్యాయం ఉంది. పిల్లల పాలపళ్లు. కింద నుంచి కొత్త పన్ను వస్తుంటే పాలపన్ను వేరును శరీరమే కరిగించేస్తుంది. నాలుకతో ఊగిపోయే పన్ను దానంతటదే పడుతుంది, శుభ్రమైన గుడ్డతో కాస్త తిప్పినా వస్తుంది. గట్టిగా ఉంటే ముట్టుకోకూడదు.

ఇక నొప్పి సంగతి. పన్ను పీకడానికి డాక్టరు కావాలి, కుర్చీ కావాలి. నొప్పిని పొద్దున దాకా తగ్గించడానికి చాలామందికి అవేవీ అక్కర్లేదు. సరైన మందు సరైన మోతాదులో పడితే చాలు. ఈ తేడా జనానికి తెలియక నొప్పి పోవాలంటే పన్ను పోవాలనుకుంటున్నారు. ఇక్కడే మీ శాఖ నోరు విప్పాలి.

వేరే జబ్బులేవీ లేని పెద్దవాళ్లకు పన్ను నొప్పిలో బాగా పనిచేసేవి ఐబుప్రొఫెన్, పారాసెటమాల్. ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు ఏదైనా తిన్నాక, దాంతోపాటు పారాసెటమాల్ 500 లేదా 650. రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి కాబట్టి కలిపి వేసుకుంటే ఒక్కదానికన్నా మెరుగు. బోలెడు ఖరీదైన ఇంజెక్షన్లకన్నా ఈ జంట నయమని పళ్ల డాక్టర్లే చెబుతారు. ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి. డాక్టరు చెప్పకుండా ఐబుప్రొఫెన్ రోజుకి 1,200 మిల్లీగ్రాములు దాటకూడదు, పారాసెటమాల్ మూడు గ్రాముల లోపే ఆపడం మంచిది. జలుబు బిళ్లల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది, దాన్ని కూడా లెక్కలో కలపాలి.

అల్సరు, కిడ్నీ సమస్య, ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందు వాడేవాళ్లు ఐబుప్రొఫెన్ జోలికి డాక్టరుని అడగకుండా పోకూడదు. గర్భిణులకు పారాసెటమాలే దారి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన ఊళ్లో ఇంకో చిక్కు: జ్వరం కూడా ఉండి డెంగ్యూ అనుమానం ఉంటే ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వద్దే వద్దు. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. నిమెసులైడ్ అనే నొప్పి మందును పన్నెండేళ్ల లోపు పిల్లలకు 2011లోనే నిషేధించారు. అయినా మా ఇంట్లో మిగిలిన స్ట్రిప్ ఉంది, సగం ముక్క వేయనా అని అడిగే తల్లులు ఇప్పటికీ ఉన్నారు. కెటోరోలాక్ అనే ఘాటైన నొప్పి మందు, నీళ్లలో కరిగే మాత్ర అయితే జనానికి పేరు రాకపోయినా కవరు రంగు గుర్తు. పళ్ల డాక్టరు ఒకసారి రాసిచ్చిన పాపానికి ఏళ్ల తరబడి అదే అడుగుతారు. అది ఐదు రోజులకు మించి వాడే మందు కాదు, ఐబుప్రొఫెన్‌తో కలిపి అసలే వాడకూడదు.

వీటిలో పారాసెటమాల్ తప్పిస్తే చాలావాటికి రూలు ప్రకారం డాక్టరు చీటీ ఉండాలి. చీటీ రాసే మనిషి రాత్రి లేడు. అడిగిన మనిషి ఏడుస్తున్నాడు. నేను ఇవ్వనంటే పక్క షాపుకి పోతాడు. అక్కడ ఇంకా ఘాటైనది ఇస్తారు. ఈ సంకటాన్ని మా తల మీద పెట్టి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు మాత్రం రిజిస్టరు చూపించమంటే ఎలా?

మందులు కాకుండా చేయగలిగేవి కూడా తక్కువేం లేవు. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలించి, పిప్పిలో ఇరుక్కున్న ఆహారాన్ని దారంతో మెల్లగా తీస్తే చాలామందికి సగం నొప్పి తగ్గుతుంది. చెంప మీద బయట నుంచి చల్లటి గుడ్డ పెట్టాలి. వేడి కాపడం వాపుని పెంచుతుంది. రెండు దిళ్లు వేసుకొని తల ఎత్తులో ఉంచి పడుకోవాలి. లవంగ నూనెలోని యూజినాల్ నిజంగానే నరాన్ని మొద్దుబారుస్తుంది. పళ్ల డాక్టర్లు వాడే తాత్కాలిక సిమెంటులో జింక్ ఆక్సైడ్‌తో కలిసి ఉండేది అదే. కానీ దూది కొసకి ఒక్క చుక్క, పిప్పి మీద మాత్రమే. చిగురంతా పూస్తే మంట పుడుతుంది. చిన్నపిల్లలు మింగితే లివర్‌కి ప్రమాదం కాబట్టి సీసా అందకుండా దాచాలి.

యాంటీబయోటిక్ గురించి కొంచెం కోపంగానే రాస్తున్నాను. మా కౌంటర్ దగ్గర సగం మంది నొప్పి బిళ్లతో పాటు అమాక్సిసిలినో, మెట్రోనిడజోలో పేరు పెట్టి మరీ అడుగుతారు. నరం వాచిన నొప్పిని యాంటీబయోటిక్ తగ్గించదు. అమెరికా దంతవైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు చాలా పన్ను నొప్పుల్లో యాంటీబయోటిక్ వద్దనే చెప్పాయి, ముందు పన్నుకి చికిత్స చేయమన్నాయి. జ్వరం వచ్చినా, వాపు పాకుతున్నా అప్పుడు దాని అవసరం వేరు. మూడు రోజులు వేసుకొని ఆపేసిన కోర్సులు ఈ నగరంలో ఎన్ని ఉంటాయో! కొన్ని యాంటీబయోటిక్‌లను 2014 నుంచి హెచ్1 షెడ్యూల్ అనే గట్టి నిబంధనల జాబితాలో పెట్టి కొనేవాళ్ల పేర్లు రాయమన్నారు. రాస్తున్నాం. రాసినంత మాత్రాన రోగికి రాత్రి పన్ను డాక్టరు దొరకడు కదా.

ఓర్చుకోమని చెప్పకూడని మనుషులు వేరే ఉన్నారు. వాపు కంటి దాకా పాకినా, గదమ కింద నుంచి మెడలోకి దిగినా, నోరు రెండు వేళ్లు పట్టేంత కూడా తెరవలేకపోయినా, లాలాజలం మింగలేక కారిపోతున్నా, మాట ముద్దగా వస్తున్నా, ఊపిరి ఆడకపోయినా పన్ను గురించి ఆలోచించే సమయం కాదు. 108కి ఫోన్ చేసి, ఉస్మానియా కానీ గాంధీ కానీ, దగ్గర్లో ఏది ఉంటే ఆ ఎమర్జెన్సీకి చేరాలి. నాలుక కింద పాకే ఆ ఇన్ఫెక్షన్‌ను జర్మనీకి చెందిన లుడ్విగ్ అనే డాక్టరు 1836లోనే వర్ణించాడు. ఇప్పటికీ అది శ్వాసమార్గాన్ని గంటల్లో మూసేయగలదు. ఇంకో మాట: ఎడమ దవడ నొప్పితో పాటు చెమటలు, ఛాతీ బరువు, చేయి లాగడం ఉంటే అది పన్ను కాదేమో, గుండె కావచ్చు. అలాంటివాళ్లకు లవంగ నూనె అమ్మి పంపించడం నాకిష్టం లేదు. దెబ్బ తగిలి పెద్ద పన్ను ఊడి కింద పడితే, వేరు ముట్టకుండా పైభాగం పట్టుకొని పాలల్లో వేసుకొని వెంటనే పళ్ల డాక్టరు దగ్గరికి పోవాలి. అరగంట లోపల పెడితే అతుక్కునే అవకాశం బాగా ఉంటుంది. పాల ప్యాకెట్ రాత్రి కూడా దొరుకుతుంది ఈ ఊళ్లో. డాక్టరే దొరకడు.

పన్ను తీయించుకున్నాక రక్తం ఆగక వచ్చేవాళ్లకు మేం చెప్పేది ఒకటే: తడిపిన గాజుగుడ్డను మడిచి గాయం మీద పెట్టి అరగంట గట్టిగా కొరకాలి, మధ్యలో తీసి చూడకూడదు. ఉమ్మేస్తూ ఉంటే గడ్డ కట్టదు. ఆ రోజంతా సిగరెట్టు, గుట్కా, స్ట్రా మానాలి. గడ్డ ఊడిపోతే రెండు మూడు రోజులకు ఎముక బయటపడి పన్ను ఉన్నప్పటికన్నా ఎక్కువ నొప్పి వస్తుంది. అప్పుడు మాత్రలతో కాదు, డాక్టరు దగ్గర మందు పెట్టించుకోవడమే.

మీకు తెలిసే ఉంటుంది, మత్తు చరిత్రకీ పన్నుకీ విడదీయరాని బంధం. 1844లో అమెరికాలో హొరేస్ వెల్స్ అనే పళ్ల డాక్టరు నవ్వు వాయువు పీల్చి తన సొంత పన్నే తీయించుకున్నాడు. రెండేళ్లకు ఇంకో పళ్ల డాక్టరు మోర్టన్ ఈథర్‌తో పన్ను తీసి చూపించాడు. నలభై ఏళ్లు దాటాక, క్లోరోఫాం అనే మత్తు మందు గుండెకి ప్రమాదమా కాదా అన్న చర్చ మన ఊరికి వచ్చింది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో ఒకసారి, 1889లో మరోసారి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ నడిపాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు. లండన్ నుంచి లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున డాక్టరు లాడర్ బ్రంటన్ ఓడెక్కి వచ్చాడు. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదన్న వాళ్ల తీర్మానం తర్వాత నిలబడలేదు, అది వేరే విషయం. ప్రపంచంలో తొలి మహిళా మత్తు డాక్టరుగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ ఇక్కడి వైద్య విద్యార్థినే. ఆ అఫ్జల్‌గంజ్‌లోనే ఇప్పుడు ప్రభుత్వ దంత కళాశాల ఆసుపత్రి ఉంది. మనిషికి నొప్పి తెలియకుండా చేయడం కోసం ఖజానా తెరిచిన ఊరు, ఈ రోజు రాత్రి ఒక మత్తు సూది వేసే మనిషిని పెట్టలేదంటే నేను ఒప్పుకోను.

కాబట్టి అడుగుతున్నాను. అఫ్జల్‌గంజ్ ఒక్కచోటే అన్నీ పెడితే పటాన్‌చెరు నుంచో, ఘట్‌కేసర్ నుంచో రాత్రి ఆటో మాట్లాడుకొని వచ్చేవాళ్లు ఉండరు. మలక్‌పేట, గోల్కొండ, వనస్థలిపురం, కొండాపూర్, కింగ్ కోఠి ఆసుపత్రులు ఇప్పటికే ఉన్నాయి. ఒక్కోచోట ఒక కుర్చీ, ఒక ఎక్స్‌రే, బీడీఎస్ చదివిన ఒక పళ్ల డాక్టరు, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఎనిమిది దాకా. డాక్టర్లు దొరకరనకండి. నాలుగేళ్లు చదివి, ఏడాది ఇంటర్న్‌షిప్ చేసి, ప్రైవేటు క్లినిక్‌లో మా షాపు సేల్స్ కుర్రాడికి వచ్చేంత జీతానికి పనిచేస్తున్న పిల్లలు నాకు తెలుసు. వాళ్లే పగటిపూట మా దగ్గర మందులు కొంటారు. నైట్ అలవెన్స్ ఇస్తామంటే వరసలో నిలబడతారు.

అది పడేదాకా ఆగక్కర్లేని పని ఇంకోటి ఉంది. క్యాజువాలిటీలో ఉండే ఎంబీబీఎస్ డాక్టర్లకు పంటి నరానికి మత్తు సూది వేయడం నేర్పించండి. లిగ్నొకైన్ రెండు మూడు గంటలు పనిచేస్తుంది, బుపివకైన్ అయితే కింది దవడలో తెల్లవారే దాకా నిలుస్తుంది. 1948 చట్టం కూడా ఆ మినహాయింపుల సెక్షన్‌లోనే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్లకు, అంటే ఎంబీబీఎస్ లాంటి డాక్టర్లకు, చోటిచ్చింది. దంతాలు తీయడం కూడా వాళ్ల చేత చేయించమని నేను అనడం లేదు. పళ్ల డాక్టర్లు తక్కువున్న దేశాల కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ సహకార కేంద్రం ఒకటి 2002లో ప్రాథమిక నోటి ఆరోగ్య ప్యాకేజీ తయారుచేసింది. అందులో మొదటి మెట్టు అత్యవసర నోటి చికిత్స. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు మత్తిచ్చి నొప్పి తీర్చడం, పాడైన పన్ను తీయడం దాని సారం. డాక్టర్లు ఇంతమంది ఉన్న హైదరాబాద్‌కి అందులో సగం కూడా అక్కర్లేదు, నొప్పి ఆపే సగం చాలు.

మూడోది ఒక కాగితం. దోమల మీద, పొగాకు మీద మీ శాఖ పోస్టర్లు మా గోడ మీద ఉన్నాయి. పన్ను నొప్పి మీద ఒక్కటీ లేదు. ఏ మాత్ర ఎంత, ఎవరికి వద్దు, ఏ లక్షణం కనిపిస్తే ఆగకూడదు, రాత్రి తెరిచి ఉండే పళ్ల కుర్చీ ఎక్కడుంది: ఇంతే, తెలుగులో, ఉర్దూలో, హిందీలో. పెద్దక్షరాలు పెట్టండి, నొప్పితో ఉన్న మనిషి కళ్లద్దాలు వెతుక్కోడు. దాని కింద మీ శాఖ డాక్టరు సంతకం ఉంటే, ఆ కాగితంలో చెప్పిన మందు మోతాదు మేం ఇచ్చినప్పుడు మాక్కూడా ధైర్యం. 104కి ఫోన్ చేస్తే అదే కాగితం చదివి చెప్పగలిగేలా అక్కడి ఆపరేటర్లకు కూడా ఇవ్వండి. ఇందుకు టెండరు అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు.

ఖర్చు ఎంతవుతుందో లెక్కవేయడం మీ పని, కానీ ఒక సంగతి పక్కన పెట్టి చూడండి. ఇప్పుడు ఆ రాత్రుల ఖర్చు జనమే భరిస్తున్నారు. విరిగిన వేరు తీయించుకోవడానికి, మెడ వాపుకి ఐసీయూలో పడుకోవడానికి, పోయిన కూలిరోజులకి. అది మీ బడ్జెట్ పుస్తకంలో కనిపించదు.

మొదట ఒక్క ఆసుపత్రిలో మూడు నెలలు నడిపి చూడండి. మలక్‌పేట అయితే మా షాపు నుంచి ఆటోకి దగ్గరే. వచ్చిన ప్రతివాళ్లకీ దారి చెప్పి పంపే పూచీ నాది. రాత్రికి ఎంతమంది వచ్చారో రిజిస్టరు మీ దగ్గరే ఉంటుంది, దాన్ని బట్టి మిగతావాటి సంగతి తేల్చండి. ఈ లేఖకు జవాబు పత్రికల్లో ఇచ్చినా సరే, ఆర్డర్ కాపీగా ఇచ్చినా సరే.

ఇట్లు,
నైట్ డ్యూటీ ఫార్మసిస్టు,
దిల్‌సుఖ్‌నగర్, హైదరాబాద్